వాదమా, వితండమా? – తుదిపోటీకి ముందు అభిమానుల జోస్యాలు

మానవుడికి భవిష్యత్తును ముందే తెలుసుకోవాలన్న ఆరాటం ఈనాటిది కాదు. వాన ఎప్పుడు పడుతుందో రైతుకు కావాలి. ప్రశ్నపత్రంలో ఏమి వస్తుందో విద్యార్థికి కావాలి. ఎన్నికలలో ఎవరు నెగ్గుతారో ఊరందరికీ కావాలి. అయితే ఈ ఆరాటం ఏ దాపరికమూ లేకుండా, పండిత పామర భేదమన్నది లేకుండా బయటపడే సందర్భం ఒకటున్నది. అది ఒక పెద్ద క్రీడా తుదిపోటీకి ముందురోజు. ఆనాడు ప్రతి చాయ్ హోటలూ ఒక మంత్రాలోచన సభ; ప్రతి మనిషీ ఒక సేనాపతి.

ఈ చర్చలు వట్టి కాలక్షేపమని, చదువుకునే పిల్లలకు చేటని తలచే పెద్దలు మన అధ్యాపక వర్గంలోనూ ఉన్నారు. వారితో నేను ఏకీభవించలేను. అట్లాగని ఈ చర్చలన్నీ మేలైనవని కూడా అనలేను. ఏది మేలో, ఏది చేటో, రెండింటి మధ్య గీత ఎక్కడ ఉన్నదో నాకు తెలియజెప్పిన మూడు రోజుల అనుభవాన్ని పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

2023 నవంబరు 18వ తేదీ, శనివారం. మరునాడు అహమ్మదాబాదులో భారత, ఆస్ట్రేలియా జట్ల మధ్య ప్రపంచ కప్పు క్రికెట్ తుదిపోటీ. నేను ఎప్పటివలె వికారాబాదు జంక్షన్‌లో తాండూరు వైపు వెళ్ళే ఉదయపు రైలెక్కాను. నెలసరి పాసుల మీద ప్రయాణించే మాకు ఒకరి పేరు ఒకరికి తెలియకపోయినా ముఖపరిచయం బాగా ఉన్నది. బండల పాలిషింగు మిషన్లలో పనిచేసేవారు, కందుల వ్యాపారులు, బ్యాంకు ఉద్యోగులు, నావంటి పంతుళ్ళు అందులో ఉంటారు. శాసనసభ ఎన్నికలకు ఇంకా పన్నెండు రోజులే గడువున్నది. అయినా ఆ ఉదయం ఎన్నికల ఊసెత్తిన వాడు లేడు. కిటికీ బయట కంది చేలు పసుపు పూతతో వెళ్ళిపోతున్నా చూసిన వాడూ లేడు. రైలు ధారూరు చేరేసరికి మా పెట్టె రెండు పక్షాలుగా చీలిపోయింది.

మొదటి తగవు టాస్‌ను గురించి. టాస్ గెలిస్తే ముందుగా బ్యాటింగ్ చేయాలని, తుదిపోటీ ఒత్తిడిలో లక్ష్యాన్ని ఛేదించడం కష్టమని ఒక పక్షం. రాత్రి మంచు కురిస్తే బంతి తడిసి స్పిన్నర్ల వ్రేళ్ళ నుండి జారిపోతుందని, కనుక ముందు బౌలింగే మేలని రెండవ పక్షం. రెండవ తగవు అశ్విన్‌ను గురించి. ఆస్ట్రేలియా ఆరంభ బ్యాట్స్‌మన్లు వార్నర్, హెడ్ ఇద్దరూ ఎడమచేతి వాటం వారు. ఎడమచేతి వారికి ఆఫ్ స్పిన్ విషం వంటిది. కాబట్టి అశ్విన్‌ను ఆడించాలని ఒకరు. అయితే ఎవరిని తీసివేయాలి, సూర్యకుమార్‌నా, సిరాజ్‌నా అని మరొకరు. మూడవది, అన్నింటి కంటె వేడిగా సాగినది, క్రొత్త బంతిని గురించి. బుమ్రాతో కలిసి క్రొత్త బంతి పట్టేది సిరాజ్. మొదటి నాలుగు ఆటలలో చోటే దొరకని షమీ, హార్దిక్ పాండ్యా గాయపడిన తరువాత జట్టులోకి వచ్చి, మూడు రోజుల క్రితమే ముంబయిలో న్యూజిలాండుపై 57 పరుగులకు 7 వికెట్లు తీశాడు. అట్టివాడిని రెండవ వరుసలో నిలబెట్టడం న్యాయమా?

ఆ వాదంలో అంతవరకు పెదవి విప్పకుండా కూర్చున్న ఒక పెద్దమనిషి, తాండూరు నాపరాయి గనిలో పని చేసేవాడు, చివరకు అన్న మాట నాకు ఈనాటికీ జ్ఞాపకమున్నది. "బండ పైకి ఎంత నున్నగున్నా, కింద పొర ఎట్లున్నదో సుత్తి దెబ్బ పడ్డంకనే తెలుస్తది సార్. పిచ్ గూడ గంతే. రేపు మధ్యాహ్నం దాకా మనకు తెల్వదు." విశ్వవిద్యాలయాలలో పరిశోధన పద్ధతులను గురించి నేను విన్న ప్రసంగాలలో ఇంతకంటె సారవంతమైన వాక్యం తక్కువ. తన తెలివి ఎక్కడ ఆగిపోతున్నదో ఆ మనిషికి తెలుసు.

ఇట్టి చర్చలను నేను ఎందుకు ఆదరిస్తానో ఇప్పుడు చెప్పగలను. గనిలో రాయి తీసేవాడు, బ్యాంకు మేనేజరు, డిగ్రీ విద్యార్థి సమానులుగా కూర్చొని, ఒకరి మాటను ఒకరు ఖండించుకొని, "కారణం చెప్పు" అని నిలదీసుకునే చోటు మన సమాజంలో మరెక్కడ ఉన్నది? అక్కడ హోదా చెల్లదు, డబ్బు చెల్లదు, కారణమే చెల్లుతుంది.

మన పూర్వులకు ఇది కొత్త కాదు. మహాభారత యుద్ధానికి ముందు కౌరవ శిబిరంలో జరిగినదీ ఇట్టి చర్చయే. ఉద్యోగపర్వంలో భీష్ముడు ఇరు పక్షాల వీరులను లెక్కించి, వీడు అతిరథుడు, వీడు మహారథుడు అని చెప్పుకుంటూ వచ్చి, కర్ణుని వద్దకు వచ్చేసరికి అర్ధరథుడన్నాడు. కర్ణుడు మండిపడి, భీష్ముడు పడిపోయేదాకా ఆయుధం పట్టనన్నాడు. తమలోని గొప్ప విలుకానిని ఆరంభంలో ప్రక్కన కూర్చోబెట్టి యుద్ధానికి వెళ్ళిన జట్టు అది. క్రొత్త బంతి ఎవరి చేతికివ్వాలన్న తగవు ఎంత పాతదో చూడండి!

న్యాయశాస్త్రకారులు చర్చను మూడు విధాలుగా విభజించారు. ఇరువురూ సత్యాన్ని తెలుసుకోగోరి, ప్రమాణాలతో మాట్లాడుకునేది వాదం. గెలవడమే లక్ష్యంగా మాట్లాడేది జల్పం. తనకంటూ ఒక పక్షం నిలుపుకోకుండా, ఎదుటివాడిని పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండం. తుదిపోటీకి ముందు మన రైలుపెట్టెలో జరిగినది చాలావరకు వాదం. అక్కడక్కడ జల్పం. మరి తుదిపోటీ ముగిసిన తరువాత జరిగేదేమిటి? అదే ఈ వ్యాసంలోని అసలు ప్రశ్న.

ఆ శనివారం నేను తరగతిలోకి వెళ్ళేసరికి ఒక్కరి మనసూ పాఠం మీద లేదు. బలవంతంగా పాఠం చెప్పడం కంటె ఆ ఉత్సాహాన్నే పాఠంగా మార్చవచ్చుననిపించింది. ప్రతి ఒక్కరూ ఒక కాగితం తీసి మూడు ప్రశ్నలకు జవాబులు వ్రాయవలసిందన్నాను. మొదటిది: రేపు ఎవరు గెలుస్తారు? ఒక్క వాక్యం చాలు. రెండవది: ఎందుకు? పది వాక్యాలకు తగ్గరాదు. మూడవది: ఆటలో ఏమి జరిగితే మీ ఊహ తప్పని మీరే ఒప్పుకుంటారు? మూడవ ప్రశ్న విని కొందరు నవ్వారు. మరికొందరు చాలాసేపు కలం పట్టుకొని కూర్చున్నారు. నేనూ ఒక కాగితం వ్రాశాను. అన్నింటినీ కట్టగట్టి అలమారాలో పెట్టి తాళం వేశాను.

ఆదివారం ఏమి జరిగిందో దేశమంతటికీ తెలుసు. టాస్ గెలిచిన ఆస్ట్రేలియా నాయకుడు కమిన్స్ ముందు బౌలింగ్ ఎంచుకున్నాడు. మనవారు తొలి 10 ఓవర్లలో 2 వికెట్లకు 80 పరుగులు చేసి వేగంగానే సాగారు. రోహిత్ 31 బంతులలో 47 పరుగులు చేశాడు. అతడు కొట్టిన బంతిని హెడ్ వెనుకకు పరుగెత్తి పట్టుకున్న తరువాత ఆట స్వభావమే మారిపోయింది. మిగిలిన 40 ఓవర్లలో మనవారి బ్యాట్ల నుండి వచ్చిన ఫోర్లు నాలుగే. అక్టోబరు 14న పాకిస్తానుతో ఆడిన పిచ్ మీదనే ఈ ఆటా జరిగింది. పగటిపూట పాతబడిన బంతి బ్యాటు మీదికి రాలేదు. కోహ్లీ 54, రాహుల్ 66 చేసినా మొత్తం 240 దాటలేదు. రాత్రి మన జట్టు ఒక దశలో 47 పరుగులకే 3 వికెట్లు తీసింది. ఆ తరువాత హెడ్ 120 బంతులలో 137 పరుగులు చేశాడు. లబుషేన్ 58 పరుగులతో అతడికి అండగా నిలిచాడు. ఇద్దరూ కలిసి చేసినవి 192. ఇంకా 7 ఓవర్లు మిగిలి ఉండగానే కప్పు ఆస్ట్రేలియాకు వెళ్ళిపోయింది. వరుసగా పది ఆటలు గెలిచిన జట్టు పదకొండవది, గెలవవలసినది, ఓడింది.

సోమవారం తరగతి మరణం జరిగిన ఇల్లులా ఉన్నది. అలమారా తెరిచి కాగితాలు ఒక్కొక్కటిగా చదివాను. ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ భారత్ గెలుస్తుందనే వ్రాశారు. అందులో తప్పులేదు, అంతకుముందు జరిగిన పది ఆటల సాక్ష్యం అటే ఉన్నది. నేను వెదికినది జవాబును కాదు, కారణాన్ని.

ఆస్ట్రేలియా గెలుస్తుందని వ్రాసిన వారిలో ఒకడు తన కారణాన్ని ఇట్లా చెప్పుకున్నాడు: తాను పూర్తిగా కూర్చొని చూసిన ప్రతి పెద్ద ఆటా మనం ఓడిపోయామట, ఈ ఆట కూడా చూడక తప్పదట, కనుక ఓటమి తప్పదట! రెండు రోజుల తరువాత తరగతి అప్పుడే మొదటిసారి నవ్వింది. పాత తాండూరు నుండి వచ్చే ఒక విద్యార్థిని మాత్రం భారత్ గెలుస్తుందంటూనే ఇట్లా వ్రాసింది. అక్టోబరు 8న చెన్నైలో మనం ఆస్ట్రేలియాను 199కే కూల్చి గెలిచిన మాట నిజమే కాని, చేతి గాయం వలన హెడ్ ఆ ఆట ఆడలేదు. కనుక ఆ గెలుపును ఈ ఆటకు సాక్ష్యంగా తీసుకోరాదు. ఆ జూన్‌లోనే ఓవల్ మైదానంలో జరిగిన టెస్టు ప్రపంచ తుదిపోటీలో మనపై 163 చేసినవాడు అతడే. మూడవ ప్రశ్నకు ఆమె జవాబు: "మొదటి పది ఓవర్లలో హెడ్ అవుట్ కాకపోతే నా ఊహ తప్పని ఒప్పుకుంటాను."

నేను ఆ అమ్మాయి కాగితాన్ని ఉత్తమమైనదిగా ప్రకటించి, నా జేబులోని కలాన్ని బహుమతిగా ఇచ్చాను. వెంటనే మొదటి కుర్రవాడు లేచి, "సార్, ఆమె తప్పు చెప్పింది, నేను కరెక్టు చెప్పిన గద! పెన్ను ఆమెకెట్లిస్తరు?" అని అడిగాడు. మంచి ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబే నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న ముఖ్య విషయం. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే దానిని మన పెద్దలు కాకతాళీయమన్నారు; కాకికి జోస్యురాలన్న బిరుదు ఇవ్వలేదు. ఊహను తూచవలసినది ఫలితంతో కాదు, కారణంతో. సరియైన కారణం కలవాడు ఈ రోజు ఓడినా రేపటికి నేర్చుకుంటాడు. కారణం లేకుండా గెలిచినవాడు రేపు అదే గుడ్డితనంతో గోతిలో పడతాడు. ఊహలపై పందెం కాసి, ఫోనులలో డబ్బు పోగొట్టుకుంటున్న యువకుల దుఃస్థితికి మూలం ఇదే. తెలంగాణ ప్రభుత్వం 2017లో చట్టాన్ని సవరించి అట్టి పందాలను నిషేధించినా ఆ జాడ్యం పోలేదంటే, పందెగానికి కారణంతో పని లేకపోవడమే హేతువు. వాడికి కావలసినది ఫలితమొక్కటే.

ఇక నా కాగితం. విద్యార్థులు పట్టుబట్టి దానిని కూడా చదివించారు. క్రొత్త బంతి సిరాజ్‌కే ఇవ్వాలని నేను వ్రాశాను. సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియా కప్పు తుదిపోటీలో అతడు 21 పరుగులకు 6 వికెట్లు తీసి శ్రీలంకను 50 పరుగులకే కుప్పకూల్చడం నేను చూపిన కారణం. నిజానికి క్రొత్త బంతి షమీకి ఇచ్చారు. అతడు తన మొదటి ఓవర్లోనే వార్నర్‌ను పంపించాడు. నా ఊహ తప్పింది. అంతకంటె సిగ్గుపడవలసినది మరొకటున్నది. రెండు నెలల క్రితం, వేరొక దేశంలో, వేరొక పిచ్ మీద జరిగిన దానిని సాక్ష్యంగా తెచ్చి, మూడు రోజుల క్రితం జరిగిన దానిని ప్రక్కన పెట్టాను. విద్యార్థి ఎవరైనా అట్లా వ్రాస్తే ఎర్ర సిరాతో గీత గీసేవాడిని. మరి నేనెందుకు వ్రాశాను? ఆటో నడిపిన తండ్రి కొడుకు, హైదరాబాదు గల్లీలలో ఆడి పెరిగినవాడు, 2020 నవంబరులో తండ్రి మరణవార్త విని కూడా ఆస్ట్రేలియాలోనే నిలిచి దేశం కోసం ఆడినవాడు సిరాజ్. అతడు మనవాడన్న మమకారం నా చేత వ్రాయించింది. నా వాదంలో సగం తర్కం, సగం పక్షపాతం. తరగతి ముందు ఆ సంగతి ఒప్పుకున్నాను. ఒప్పుకున్నందువలన నా గౌరవం తగ్గినట్లు నాకు కనిపించలేదు.

అయితే ఆనాటి పాఠం అంతటితో ముగియలేదు. ఓటమిపై చర్చ సాగుతూ ఉండగా వెనుక బెంచీ నుండి ఒక మాట వినిపించింది. షమీని గురించి. ఆ మాటను ఇక్కడ వ్రాయను. అది అతడి బంతిని గురించినది కాదు, పేరును గురించినది. తరగతి ఒక్కసారి నిశ్శబ్దమై నా ముఖంలోకి చూసింది. నా పేరూ అట్టిదే కదా.

నేను మందలించలేదు. ఆ కుర్రవాడి కాగితాన్ని వెదికి తీసి అతడి చేతికే ఇచ్చి బిగ్గరగా చదవమన్నాను. అతడు శనివారం నాడు వ్రాసినది చాలా మంచి వ్యాసం. షమీ బంతి నేలను తాకేటప్పుడు దాని కుట్టు నిటారుగా ఎట్లా ఉంటుందో, అందువలన బంతి ఎటు తిరుగుతుందో బ్యాట్స్‌మన్‌కు ఎందుకు తెలియదో వివరించి, ఈ కప్పును మనకు తెచ్చిపెట్టేవాడు షమీయే అని ముగించాడు. ఆ టోర్నమెంటులో ఏడే ఆటలలో 24 వికెట్లు తీసి అందరికంటె ముందు నిలిచినవాడు కూడా అతడే. కుర్రవాడు చదువుతూ చదువుతూ చివరి వాక్యం వద్ద గొంతు తగ్గించాడు. శనివారం బంతిని చూసిన కళ్ళు సోమవారానికి పేరును చూశాయి. మధ్యలో ఆదివారం ఒక్కటే ఉన్నది. తరగతి తరువాత అతడు వచ్చి ఆ కాగితం తనకివ్వమన్నాడు. ఇవ్వలేదు. నేర్పుగా ఆలోచించగలడనడానికి అది సాక్ష్యం. భద్రంగా ఉండనీ అన్నాను.

అది కుర్రతనపు మాట అని కొట్టిపారేయవచ్చును. కాని 2021 అక్టోబరు 24న దుబాయిలో భారత్ పాకిస్తాను చేతిలో పది వికెట్ల తేడాతో ఓడినప్పుడు జరిగినదేమిటి? ఆనాడు మన బౌలర్లలో ఒక్కరికీ ఒక్క వికెట్టూ దక్కలేదు. అయినా మతాన్ని పట్టుకొని తిట్లు కురిసినది షమీ ఒక్కడి మీదనే. నాయకుడు కోహ్లీ బహిరంగంగా దానిని ఖండించి సహచరునికి అండగా నిలిచాడు. అది ఆ జట్టుకు గౌరవం తెచ్చిన ఘడియ.

ఇంకా వెనుకకు పోతే నా బాల్యం. 1996 మార్చి 13. కలకత్తాలో ప్రపంచ కప్పు సెమీ ఫైనల్. నాకు ఎనిమిదేళ్ళు. మా నాన్నగారు తాండూరులో బండల పాలిషింగు మిషనులో పనిచేసేవారు. హైదరాబాదు బిడ్డ అజహరుద్దీన్ టాస్ గెలిచి శ్రీలంకకు బ్యాటింగ్ ఇచ్చాడు. కారణం లేకపోలేదు. పదకొండు రోజుల ముందు ఢిల్లీలో మనం 271 పరుగులు చేసినా శ్రీలంక అవలీలగా ఛేదించింది. అట్టి జట్టుకు లక్ష్యం చూపడం కంటె దాని లక్ష్యాన్ని మనం ఛేదించడమే మేలని అతడు భావించాడు. కాని పిచ్ మోసం చేసింది. ఒక వికెట్టుకు 98 పరుగులతో ఉన్న జట్టు చూస్తూ ఉండగానే 8 వికెట్లకు 120 అయిపోయింది. ప్రేక్షకులు సీసాలు విసిరి, మంటలు పెట్టి ఆటను ఆపించారు. గెలుపు శ్రీలంకకు ఇచ్చారు. మరునాడు పనిలోకి వెళ్ళిన నాన్నగారు సాయంత్రం ఇంటికి వచ్చి చాలాసేపు మాట్లాడలేదు. అమ్మ అడిగితే ఒక్క మాట అన్నారు: "నిన్నటిదాకా 'మన అజహర్' అన్నారు. ఈరోజు నన్ను చూసి 'మీ అజహర్' అన్నారు."

అజహరుద్దీన్‌పై 2000లో పడిన నిషేధం, దానిని 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెల్లదనడం వేరొక కథ; దానిని విమర్శించేవారు విమర్శించవచ్చును. ఆ టాస్ నిర్ణయాన్ని కూడా విమర్శించవచ్చును, కారణాలతో. 'మన' అన్న మాట 'మీ' అయిపోవడానికి మాత్రం ఏ తర్కశాస్త్రంలోనూ ప్రమాణం లేదు. అదే వితండం.

ఫలితం తారుమారైతే మన తీర్పు ఎట్లా తారుమారవుతుందో చూపడానికి మరొక హైదరాబాదీని స్మరించుకుంటాను. ఆయన నావలెనే పంతులు: సయ్యద్ అబ్దుల్ రహీం. భారత ఫుట్‌బాల్ జట్టుకు ఆయన శిక్షకుడుగా ఉండగా మనం 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచాము. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచాము. 1962లో జకార్తాలో మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడిపోయాము. తుదిపోటీలో మళ్ళీ అదే కొరియా. రక్షణ పంక్తికి మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడి ఉన్నది. రహీం సాహెబు అతడిని సెమీ ఫైనల్ నుండే రక్షణ పంక్తి నుండి తీసి ముందు వరుసలో నిలబెట్టాడు. గాయపడిన రక్షకుడిని గోల్ కొట్టేవాడిగా పంపడం పిచ్చితనమని ఏ హోటల్లోనైనా అనేవారే. తుదిపోటీలో పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్ కొట్టారు. 2–1తో స్వర్ణం మనదైంది. ఓడిపోయి ఉంటే? ఆ నిర్ణయంలో ఏ మార్పూ లేదు, దాని వెనుకనున్న ఆలోచనలో ఏ మార్పూ లేదు. కాని మనం ఆ పంతులుకు ఏ పేరు పెట్టి ఉండేవాళ్ళమో ఊహించడం కష్టం కాదు.

అంత దూరం పోనక్కర లేదు. 2025 ఆగస్టులో ఓవల్ మైదానంలో సిరాజ్ ఇంగ్లండు బ్యాట్స్‌మన్ బ్రూక్ కొట్టిన బంతిని పట్టుకొని, పట్టు తప్పక పోయినా సరిహద్దు తాడుపై కాలు మోపాడు. ప్రాణం దక్కిన బ్రూక్ 111 పరుగులు చేశాడు. మరునాడు ఉదయం అదే సిరాజ్ చివరి వికెట్టు తీసి 6 పరుగుల తేడాతో గెలిపించాడు, ఊరూరా జేజేలు. 7 పరుగులు ఇంగ్లండుకు దక్కి ఉంటే ఆ తాడుపై పడిన కాలు ఒక్కటే మనకు గుర్తుండేది. మనిషి అతడే, పొరపాటు అదే.

విద్యార్థి మిత్రులారా, ఆటను గురించి మాట్లాడవద్దని నేననను. బాగా మాట్లాడండి. టాస్‌ను గురించి, మంచును గురించి, క్రొత్త బంతిని గురించి మీ రైళ్ళలో, మీ హోటళ్ళలో, మీ వసతి గృహాలలో గంటల తరబడి వాదించుకోండి. అది మీ బుద్ధికి సాన. అయితే ఒక్క నియమం పాటించండి. ఆటకు ముందు మీ ఊహను కారణాలతో సహా కాగితం మీద పెట్టండి. ఏమి జరిగితే మీ మాట తప్పో అదీ వ్రాయండి. ఆట ముగిసిన తరువాత ఎదుటివాడి తప్పు వెదికే ముందు ఆ కాగితం తీసి చదువుకోండి. ఓడినప్పుడు ఎవరినైనా నిందించాలనిపిస్తే, శనివారం నాడు వాడిని గురించి మీరేమి వ్రాశారో చూసుకోండి.

మా నాన్నగారు ఉర్దూలో తరచుగా రెండు మాటలు వాడేవారు: తద్బీర్, తక్దీర్. తద్బీర్ అంటే మనిషి ఆలోచించి చేసే ఉపాయం. తక్దీర్ అంటే మనిషి చేతిలో లేనిది. తద్బీర్‌కు మనిషిని ప్రశ్నించు, తక్దీర్‌కు ఎవరినీ నిందించకు అనేవారు. 1996లో ఆ సాయంత్రం చాలాసేపటి తరువాత ఆయన అన్న మాట కూడా అదే తీరు. "టాస్ తప్పయితే తప్పనండి. కారణం చెప్పండి, వింటాను."

ఈ ఇరవై ఏడేళ్ళ తరువాత నేను తరగతిలో అడిగిన రెండవ ప్రశ్న ఆయనదే. ఇకముందు వచ్చే ప్రతి తుదిపోటీకి ముందురోజు మా తరగతిలో ఆ మూడు ప్రశ్నలూ ఉంటాయి. అలమారా తాళం నా వద్ద ఉంటుంది.